రోడ్ ట్యాక్స్ అయిపోయిందంటున్నారు, అసలు కట్టాల్సింది ఏంటి? (తిరుపతి, ఏపీ 03 కారు)

చంద్రగిరి_కోట

అన్నలూ, అక్కలూ, కొంచెం దారి చూపండి. మా మామగారికి ఒక మారుతి కారు ఉంది. 2010 జూన్‌లో తిరుపతిలోనే రిజిస్ట్రేషన్ అయింది, ఏపీ 03 నంబర్. ఆయన బండి పెద్దగా బయటికి తియ్యరు. కాణిపాకం, శ్రీకాళహస్తి, పెళ్లిళ్లుంటే పుత్తూరు వైపు, అంతే.

మొన్న ఆయన వాట్సాప్‌కు ఒక మెసేజ్ వచ్చింది. 'మీ వాహనం రోడ్ ట్యాక్స్ గడువు ముగిసింది, రెట్టింపు జరిమానా పడకముందే కట్టండి' అని, కింద ఒక ఫైలు. ఆయనకు ఫైళ్లు తెరవడం రాదు కాబట్టి నాకు పంపించారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. కారుకు లైఫ్ ట్యాక్స్ ఒకసారి కట్టేస్తే ఇంక జన్మలో ట్యాక్స్ లేదని మా బావమరిది అంటాడు. మా వీధి ఏజెంటేమో 15 ఏళ్లు దాటింది కాబట్టి మళ్లీ ట్యాక్సు, పెనాల్టీ, అన్నీ కలిపి 25 వేలు అవుతుంది, సీబుక్కు ఇచ్చేయండి నేను చూసుకుంటా అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

బైరాగిపట్టెడ_బాబు

ముందు ఆ ఫైలు తీసెయ్ సామీ. అది ఏపీకే ఫైలే అయ్యుంటుంది. నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కుతుంది, ఆ తర్వాత మన ఓటీపీలు వాళ్లకు పోతాయి. ఆర్టీఓ వాళ్లు వాట్సాప్‌లో ఫైళ్లు పంపరు.

ఇక ట్యాక్స్ సంగతంటావా, కాణిపాకం పోయి వచ్చే కారును ఎవరడుగుతారబ్బా. వదిలెయ్.

పాత_ఫైలు

మొదటి ముక్క బంగారం బాబూ, రెండో ముక్క మాత్రం వద్దు.

నేను రవాణా శాఖ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. కౌంటర్ దగ్గర రోజూ వినే గొడవ ఇదే. చంద్రగిరి గారూ, మీ బావమరిది చెప్పింది సగం నిజం, ఏజెంటు చెప్పింది ఇంకో సగం.

సొంత వాడకానికి కొన్న కారుకు, బైకుకు మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ రోజే లైఫ్ ట్యాక్స్ కట్టించుకుంటారు. దాన్ని ఏటేటా రెన్యువల్ చేసే పని లేదు. మూడు నెలలకోసారి ట్యాక్స్ కట్టాల్సింది లారీలు, బస్సులు, టూరిస్టు బండ్ల వంటి ట్రాన్స్‌పోర్టు వాహనాలకు. కాబట్టి మీ మామగారి కారుకు 'రోడ్ ట్యాక్స్ గడువు ముగిసింది' అనే మాటే కుదరదు. గడువు తీరింది రిజిస్ట్రేషన్‌కు. సొంత బండి సీబుక్కు 15 ఏళ్లకే చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ రెన్యువల్‌తో పాటు గ్రీన్ ట్యాక్స్, అంటే పాత బండ్ల మీద వేసే కాలుష్య పన్ను, కడతారు. జనం ఈ రెండింటినీ కలిపి 'రోడ్ ట్యాక్స్' అనేస్తారు, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

ఒక పని చేయండి. పరివాహన్ సైట్లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ బండి నంబర్ కొట్టండి. ట్యాక్స్ ఎంతవరకు అనే వరుసలో ఏముందో, రిజిస్ట్రేషన్ లేదా ఫిట్‌నెస్ ఎంతవరకు అనే వరుసలో ఏముందో చూసి ఇక్కడ పెట్టండి.

చంద్రగిరి_కోట

చూశాను సార్. ట్యాక్స్ వరుసలో తేదీ లేదు, 'ఎల్‌టీటీ' అని ఉంది. ఫిట్‌నెస్ వరుసలో 2025 జూన్ తేదీ ఉంది, ఎర్ర రంగులో.

పాత_ఫైలు

ఎల్‌టీటీ అంటే లైఫ్ టైమ్ ట్యాక్స్ కట్టేశారని. ఆ సంగతి ఇక మరిచిపోండి. ఎర్రగా కనిపించేదే మీ అసలు పని.

లెక్క చెబుతాను. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000. అంతకుముందు 600 ఉండేది. గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకూ కార్లకు 500, బైకులకు 300 అదనం, నెలలో ఒక్క రోజు దాటినా నెల కిందే లెక్క. మీరు గడువు దాటి ఎనిమిదో నెలలో ఉంటే 4,000. ఆపైన మన రాష్ట్రంలో 15 నుంచి 20 ఏళ్ల కారుకు గ్రీన్ ట్యాక్స్ 5,000. మొత్తం 14,000. సర్వీసు చార్జీలని చిల్లర కొంత. ఏజెంటు చెప్పిన 25 వేలల్లో మిగతాది ఎవరి ట్యాక్సో ఆయన్నే అడగండి.

బైరాగిపట్టెడ_బాబు

హహ. ఆ మిగతాది పెట్రోలు ఖర్చు సార్.

సరే, నేనన్నది కూడా వినండి. 14 వేలు కట్టి రెన్యువల్ చేయిస్తే ఆ కారు అమ్మితే ఎంతొస్తుంది? ఏడాదికి నాలుగుసార్లు తీసే బండికి ఇంత అవసరమా?

పాత_ఫైలు

అవసరమా కాదా అన్నది వాళ్ల ఇష్టం. రెన్యువల్ వద్దనుకుంటే బండిని రోడ్డెక్కించకూడదు, అంతే. రిజిస్ట్రేషన్ తీరిపోయిన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా 2,000 నుంచి 5,000 వరకు, రెండోసారైతే ఇంకా ఎక్కువ.

జరిమానా చిన్న విషయం. యాక్సిడెంట్ అయితే వచ్చే తలనొప్పి పెద్దది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీరిపోయాక దొంగతనానికి గురైన కారు కేసులో సుప్రీంకోర్టు 2021లో బీమా సొమ్ము ఇవ్వనక్కర్లేదని తీర్పిచ్చింది. పాలసీ అమల్లో ఉంది, ప్రీమియం కట్టారు, అయినా సరే. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు మీద వాడటమే పాలసీ షరతుల ఉల్లంఘన అన్నారు. మీ మామగారి కారు కేసు దానికి సరిగ్గా సమానం కాకపోవచ్చు, కానీ బీమా వాళ్ల చేతికి ఆ కారణం అందించడం ఎందుకు?

పద్మావతిపురం_కాఫీ

పాత_ఫైలు గారూ, నాది స్కూటీ. 2011 చివర్లో తీసుకున్నాను, అంటే నాకు టైమ్ దగ్గరపడుతోంది. ముందే రెన్యువల్ చేయించుకోవచ్చా, లేక గడువు తీరేదాకా ఆగాలా?

పాత_ఫైలు

గడువు తేదీకి 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చమ్మా. ఫారం 25. బైకులకు ఫీజు 1,000, గ్రీన్ ట్యాక్స్ 2,000. తేదీ లోపల అప్లై చేస్తే 300 గోల ఉండదు. బండికి 20 ఏళ్లు దాటితే మాత్రం రేట్లు వేరు. 2025 ఆగస్టులో కేంద్రం పెంచింది, బైకు రెన్యువల్ 2,000, కారుకు 10,000. రాష్ట్ర గ్రీన్ ట్యాక్స్ కూడా 20 దాటిన బైకుకు 5,000, కారుకు 10,000. మా ఇంట్లో పాత చేతక్ ఒకటుంది, దాని మొహం చూసినప్పుడల్లా ఈ లెక్కే గుర్తొస్తుంది.

మామిడి_లోడు (చిత్తూరు)

కార్ల వాళ్లు 15 ఏళ్లకోసారి ఏడిస్తే మేము మూడు నెలలకోసారి ఏడుస్తాం. నాకు రెండు లారీలున్నాయి. జూన్, జూలైలో తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు దింపడం, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే అది.

క్వార్టర్లీ ట్యాక్స్ సంగతి కొత్తగా బండి తీసుకున్న పిల్లలకు చెబుతున్నా, రాసుకోండి. ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి ఒకటో తేదీతో క్వార్టర్ మొదలు. అడ్వాన్స్‌గా కట్టాలి. మొదటి నెలాఖరు దాకా, అంటే ఏప్రిల్ 30, జూలై 31, అక్టోబర్ 31, జనవరి 31 దాకా కట్టుకోవచ్చు. ఆ తేదీ దాటితే పెనాల్టీ మొదలు. మనంతట మనమే పోయి కడితే ఒక రకం, నరహరిపేట దగ్గరో పలమనేరు రోడ్డులోనో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపి పట్టుకుంటే ఇంకో రకం. చట్టంలో పెనాల్టీ క్వార్టర్ ట్యాక్స్‌కు రెండింతల దాకా వెయ్యొచ్చు. అసలు ట్యాక్స్ దానికి అదనం. బండి ఆపేస్తారు, లోడులో ఉన్న కాయ ఎండలో మెత్తబడుతుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకరోజు క్యూ పోతే కాయ ఎట్లుంటుందో చిత్తూరోళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నష్టం ముందు పెనాల్టీ ఎంతప్పా.

అందుకే మా డ్రైవర్ సెల్లులోనూ నా సెల్లులోనూ ఆ నాలుగు నెలల 20వ తేదీకి అలారం పెట్టుంటాను. నెలాఖరుకు సైట్ ఒక్కోసారి సతాయిస్తుంది. డబ్బులు ఖాతాలో కట్ అవుతాయి, రసీదు రాదు.

మెకానిక్_గేటు

డబ్బు కట్ అయి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. పరివాహన్‌లోనే పెండింగ్ ట్రాన్సాక్షన్ చూసుకునే చోటు ఉంది, అక్కడ బండి నంబరో ట్రాన్సాక్షన్ నంబరో ఇస్తే బ్యాంకుతో సరిచూసి రసీదు ఇస్తుంది. రెండుసార్లు కట్టి తిరిగి రాబట్టుకోవడానికి తిరిగేవాళ్లు మా షాపుకు వచ్చి నా దగ్గర మొర పెట్టుకుంటుంటారు, నేనేదో కలెక్టర్ అయినట్టు.

మామిడి_లోడు (చిత్తూరు)

అది మంచి మాట. ఇంకోటి అడగాలనుకుంటున్నా, పాత_ఫైలు సార్ ఉన్నారు కదా. నా రెండో లారీ సీజన్ అయిపోయాక నెలల తరబడి ఫ్యాక్టరీ కాంపౌండ్ లోపలే ఉంటుంది. లోపల డ్రమ్ములు, క్రేట్లు అటూ ఇటూ మార్చడానికి మాత్రం వాడతారు, గేటు దాటదు. మొన్న మా లారీ ఓనర్ల గ్రూపులో ఒకాయన పెట్టాడు, బండి పబ్లిక్ రోడ్డు ఎక్కకపోతే ట్యాక్స్ కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పిందంట, అదీ మన ఆంధ్ర కేసులోనేనంట. నిజమేనా?

పాత_ఫైలు

నిజమే. 2025 ఆగస్టు 29న వచ్చిన తీర్పు, జస్టిస్ మనోజ్ మిశ్రా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం. కేసు విశాఖ స్టీల్ ప్లాంటు డిస్పాచ్ యార్డులో పనిచేసే ఒక లాజిస్టిక్స్ కంపెనీది. ఆ యార్డు చుట్టూ గోడ, గేట్ల దగ్గర కాపలా, బయటివాళ్లకు ప్రవేశం లేదు. 36 బండ్లు లోపలే తిరిగేవి. అయినా ట్యాక్స్ కట్టించుకున్నారు. మన 1963 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం మూడో సెక్షన్‌లో ఉన్న మాట 'పబ్లిక్ ప్లేస్‌లో వాడే లేదా వాడటానికి ఉంచిన' బండి అని. రోడ్లను వాడుకుంటున్నందుకు కట్టేదే ఈ పన్ను, రోడ్డే ఎక్కని బండి మీద వెయ్యడం కుదరదు అని కోర్టు తేల్చింది. 22 లక్షల పైచిలుకు వెనక్కివ్వాలనే ఆర్డరు నిలబడింది.

మామిడి_లోడు (చిత్తూరు)

అయితే నేను వచ్చే క్వార్టర్ నుంచి రెండో బండికి కట్టడం మానేస్తా!

పాత_ఫైలు

అదిగో, అందుకే తీర్పులు గ్రూపుల్లో చదవకూడదనేది. కాస్త ఆగండి.

మొదటిది, మీ ఫ్యాక్టరీ కాంపౌండ్ ఆ యార్డు లాంటిదేనా? రైతుల ట్రాక్టర్లు, బయటి లారీలు, కాయ అమ్మడానికి వచ్చే జనం, అందరూ గేటులోంచి వచ్చిపోతుంటే అది 'బయటివాళ్లకు ప్రవేశం లేని చోటు' అని నిరూపించడం మీకు కష్టం. రెండోది, సీజన్‌లో అదే బండి రోడ్డెక్కుతోంది. మూడోది అసలైనది. బండి వాడటం లేదని మీరు ముందుగా రాతపూర్వకంగా చెప్పకపోతే, వాడుతున్నట్టే లెక్క. దాన్ని స్టాపేజ్ రిపోర్టు అంటాం. క్వార్టర్ మొదలవ్వకముందే ఇవ్వాలి. అక్టోబర్ నుంచి ఆపుతుంటే సెప్టెంబర్ నెలాఖరులోపు. బండి ఎక్కడ ఉంటుందో అడ్రస్ రాయాలి, మళ్లీ తీసేముందు చెప్పాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే బండి అక్కడే ఉండాలి. నవంబర్‌లో వచ్చి 'సార్, అక్టోబర్ నుంచి షెడ్డులోనే ఉంది' అంటే, మా రోజుల్లో మేమెంత జాలిపడినా ఏమీ చెయ్యలేకపోయేవాళ్లం.

ఆ కంపెనీ కూడా కట్టడం మానేసి గెలవలేదు. ముందు మినహాయింపు అడిగింది, కట్టింది, కోర్టుకు పోయి వెనక్కి తెచ్చుకుంది. ఏళ్లు పట్టింది.

మామిడి_లోడు (చిత్తూరు)

అర్థమైంది సార్. స్టాపేజే ఇస్తా. ఫ్యాక్టరీలో క్రేట్లకు ట్రాక్టరు పెట్టుకోమంటా.

ఒక్క సంతోషం ఉంది చెప్పనా? గ్రీన్ ట్యాక్స్. నా మొదటి లారీకి 12 ఏళ్లు దాటింది. 2021లో పెంచిన లెక్కకు ఏడాదికి వేలకు వేలు, పెద్ద బండ్లకైతే 20 వేల దాకా పోయేది. దాన్ని ఈ ప్రభుత్వం 2025లో తగ్గించింది. ఇప్పుడు సరుకు లారీలకు 7 నుంచి 12 ఏళ్ల దాకా 1,500, 12 దాటితే 3,000.

పన్నెండు_సీట్లు

లారీల వాళ్లకు తగ్గింది, యాత్రికుల బండ్ల వాళ్ల గోడు ఎవరికి పట్టింది.

నాది టెంపో ట్రావెలర్, 12 సీట్లు. మాకు ట్యాక్స్ సీటు లెక్కన, అదీ క్వార్టర్‌కే. ఇక్కడ కట్టేస్తే అయిపోయిందనుకుంటారు కొత్తవాళ్లు. తిరుపతి నుంచి పౌర్ణమికి అరుణాచలం గిరిప్రదక్షిణ ట్రిప్పు, వెళ్తూ కాణిపాకం, వస్తూ శ్రీపురం గోల్డెన్ టెంపుల్. ఇదే మా అన్నం. చిత్తూరు దాటి ముప్పై, నలభై కిలోమీటర్లు పోతే వేలూరు, అంటే తమిళనాడు. అక్కడి ట్యాక్స్ అక్కడ వేరేగా కట్టాలి. ఇప్పుడు పరివాహన్‌లో చెక్‌పోస్ట్ ట్యాక్స్ అని ఉంది, బయల్దేరేముందు ఫోన్లోనే కట్టుకోవచ్చు. రాష్ట్రం, ప్రవేశించే ఊరు, ఎన్ని రోజులు, అన్నీ అడుగుతుంది. రాత్రి 11కు బయల్దేరి అర్ధరాత్రి దాటాక బోర్డరు దాటితే తేదీ మారుతుంది, అది చూసుకోండి. ముందు రోజు తేదీకి తీసుకుంటే తిరుగు ప్రయాణంలో గడువు చాలదు. పౌర్ణమి రాత్రి బండిలో ముసలివాళ్లు నిద్రపోతుంటే రోడ్డు పక్కన నిలబడి సిగ్నల్ లేని చోట ట్యాక్స్ కట్టడం ఉంటుంది చూశారూ, ఆ అవస్థ పగవాడికి కూడా వద్దు.

బైరాగిపట్టెడ_బాబు

ఆలిండియా టూరిస్టు పర్మిట్ తీసుకుంటే ఈ గోల ఉండదన్నారు కదన్నా?

పన్నెండు_సీట్లు

ఆ రూల్స్ 2023లో వచ్చాయి తమ్ముడూ. పర్మిట్ ఫీజు ఒకేచోట కడితే దేశమంతా తిరగొచ్చని మాట. కానీ దక్షిణాదిలో కొన్ని రాష్ట్రాలు పర్మిట్ ఉన్నా మా ట్యాక్స్ మాకు కట్టమంటున్నాయి. కోర్టుల్లో నడుస్తోంది. పార్టీని ఎక్కించుకున్నాక రోడ్డు మీద చట్టం వాదించలేం కదా. నేను కట్టేసి, ఆ రసీదు ఫొటో పార్టీకి కూడా పంపిస్తా, చార్జీలో కలిపానని వాళ్లకూ తెలియాలి.

కేఏ_నుంచి_ఏపీ

నాకూ ఒక సందేహం. బెంగళూరులో పదేళ్లు ఉండి ఇప్పుడు తిరుపతికి వచ్చేశాం. కారు కేఏ నంబర్, 2019 మోడల్. ఇక్కడ సగం కార్లు కేఏ, టీఎన్ నంబర్లే కదా, అలాగే నడుపుతున్నాం. మొన్న ఎస్వీ యూనివర్సిటీ దగ్గర ఆపి, ఎన్ని రోజుల నుంచి ఇక్కడున్నారని అడిగారు. ఫాస్టాగ్ వివరాలు చూపిస్తే సరిపోతుందా?

పాత_ఫైలు

మీరు యాత్రకు వచ్చినవారైతే సరిపోతుందమ్మా, కాపురం మార్చుకుని వచ్చారు కదా. కేంద్ర చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి అక్కడి నంబర్ వేయించాలి. దాంతోపాటు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కొత్త బండి రేటంత కాదు, బండి వయసును బట్టి తగ్గుతుంది. ఈసారి ఆపితే వదిలేశారు, ఇంకోసారి ట్యాక్స్ రాసిచ్చే వరకు కదలనివ్వకపోవచ్చు.

కేఏ_నుంచి_ఏపీ

కర్ణాటకలో కట్టిన లైఫ్ ట్యాక్స్ మరి? అది కూడా లక్ష దాటింది.

పాత_ఫైలు

మిగిలిన కాలానికి వాళ్ల దగ్గర రీఫండ్ అడగొచ్చు. వరస ముఖ్యం. ముందు బెంగళూరులో మీ ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 28. కారు మీద లోను తీరిపోతే ఎన్‌ఓసీకి ముందే బ్యాంకు వాళ్ల ఫారం 35 తెచ్చి హైపోతికేషన్ (సీబుక్కులో బ్యాంకు తాకట్టు) తీయించండి. లోను ఇంకా ఉంటే బ్యాంకు నుంచి అనుమతి పత్రం. చలాన్లు ఏవైనా ఉంటే అక్కడే కట్టేయండి, లేదంటే ఎన్‌ఓసీ దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత ఇక్కడ ఫారం 27 పెట్టి, బండి చూపించి, ట్యాక్స్ కట్టి, ఏపీ నంబర్ తీసుకోండి. ఆ కొత్త సీబుక్కు కాపీతో కర్ణాటకలో రీఫండ్‌కు పెట్టండి. చాలామంది కొత్త నంబర్ వచ్చిన సంతోషంలో ఆ చివరి పని వదిలేస్తారు.

ఏర్పేడు_ల్యాబ్

ఇలాంటి బాధ వద్దనే నేను బీహెచ్ (భారత్ సిరీస్) నంబర్ తీసుకున్నాను. కేంద్ర సంస్థలో ఉద్యోగం, పుణేలో ఉన్నప్పుడు కొన్న కారు, ఇప్పుడు ఏర్పేడులో పోస్టింగ్. నంబర్ మార్చక్కర్లేదు. కానీ బీహెచ్ వాళ్లకు లైఫ్ ట్యాక్స్ లేదు, రెండేళ్లకోసారి కట్టాలి. ఈ థ్రెడ్ పేరు చూసి వచ్చింది అందుకే. కార్ల వాళ్లలో 'ట్యాక్స్ రెన్యువల్' అనే మాట నిజంగా వర్తించేది మాకే.

బీహెచ్ వాళ్ల కోసం రాస్తున్నా. 2021 సెప్టెంబర్ 15 నుంచి వచ్చిన పద్ధతి ఇది. జీఎస్టీ తీసేసిన ఇన్వాయిస్ ధర 10 లక్షల లోపుంటే 8 శాతం, 20 లక్షల దాకా 10, ఆపైన 12. డీజిల్‌కు 2 ఎక్కువ, ఎలక్ట్రిక్‌కు 2 తక్కువ. రెండేళ్ల గడువు తీరిన తేదీ నుంచి ఏడు రోజులు చూస్తారు, ఆ తర్వాత రోజుకు 100 చొప్పున పడుతుంది. రోజుకు వందే కదా అనిపిస్తుంది, మూడు నెలలు మరిచిపోతే ఎనిమిది వేలు దాటుతుంది. మాతో పనిచేసే ఒకరు ఫోన్ నంబర్ మార్చి, వాహన్‌లో (బండ్ల ఆన్‌లైన్ రికార్డులో) పాతదే వదిలేశారు. రిమైండర్లు, ఓటీపీలు ఎవరికి పోయాయో తెలియదు.

మెకానిక్_గేటు

ఫోన్ నంబర్ సంగతి అందరికీ పనికొస్తుంది. పాత సీబుక్కులు ఉన్నవాళ్లలో చాలామందికి వాహన్‌లో ఏ నంబరూ ఉండదు, లేదంటే షోరూమ్ వాడిదో ఏజెంటుదో ఉంటుంది. పరివాహన్‌లో మొబైల్ అప్‌డేట్ అని ఉంది. రిజిస్ట్రేషన్ నంబర్, చాసిస్, ఇంజిన్ నంబర్ల వివరాలు అడుగుతుంది. మిగతా ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఇది కావాలి, ఓటీపీ లేకుండా ముందుకు కదలదు.

చంద్రగిరి_కోట అన్నా, నీ కారుకు నా ఉచిత సలహా. రెన్యువల్‌కు ఇన్‌స్పెక్టర్ బండి చూసేటప్పుడు మొదట చూసేది చాసిస్ నంబర్. ఇన్నేళ్ల బండిలో ఆ అక్షరాల మీద మట్టి, గ్రీజు, పెయింటు, తుప్పు కలిసి గట్టిపడి ఉంటాయి. బానెట్ ఎత్తి చూడు. కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో మెల్లగా తుడువు, ఆరాక మళ్లీ తుడువు. గరుకు కాగితం పెట్టి రుద్దకు, చాకుతో గీకకు. అక్షరం అరిగినా గీత పడినా నంబర్ మార్చారేమోననే అనుమానం వస్తుంది, అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది. అంకెలు తేటగా కనపడగానే ఫోన్లో ఫొటో తీసి సీబుక్కులో ఉన్నదానితో ఒక్కో అక్షరం కలుపుకో. తర్వాత ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, వైపర్, హారన్, హ్యాండ్ బ్రేకు. వెనక నంబర్ ప్లేట్ లైటు చాలామంది మర్చిపోతారు, దాని బల్బు ఖర్చెంత.

చంద్రగిరి_కోట

అందరికీ చాలా థ్యాంక్స్. బానెట్ ఎత్తి చూశాను, మెకానిక్ అన్న చెప్పినట్టే ఉంది, చివరి మూడు అంకెలు కనిపించలేదు. కిరోసిన్ దొరక్క పెట్రోల్ బంకు పక్కన పెయింట్ షాపులో అడిగితే టర్పెంటైన్ ఇచ్చారు. మెల్లగా తుడిస్తే బయటపడ్డాయి, సీబుక్కుతో కలిశాయి.

మామగారి పేరు మీద ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే ఉంది, అదీ వచ్చే నెల తీరిపోతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ తీరిపోయి చాలా కాలమైంది. ఏది ముందు చేయించాలి?

పాత_ఫైలు

పొల్యూషన్ ముందు, ఈ రోజే. ఇన్సూరెన్స్‌కు ఇంకా నెల ఉంది కాబట్టి దానితోనే అప్లై చేయొచ్చు, కానీ ఇన్‌స్పెక్షన్ తేదీ వచ్చే నెలకు పడితే చిక్కు. ఇప్పుడే రెన్యువల్ చేసేసుకోండి, కొత్త పాలసీ పాతది తీరిన మరుసటి రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి నష్టం లేదు. థర్డ్ పార్టీ లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000. థర్డ్ పార్టీ చాలు, కానీ అది తప్పనిసరి.

ఆ తర్వాత పరివాహన్‌లో మొబైల్ నంబర్ మార్చి, రెన్యువల్ దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోండి. నెల మారకముందే కడితే ఒక 500 మిగులుతుంది. బండి మీ మామగారి పేరు మీద ఉంది కాబట్టి ఆయన ఆధార్, ఆయన సంతకం.

బైరాగిపట్టెడ_బాబు

స్లాట్ రోజు కారు తోలుకుపోవడానికి ఎర్ర అక్షరాల్లో ఉన్న సీబుక్కేనా సార్? దారిలో ఆపితే?

పాత_ఫైలు

మంచి ప్రశ్నే వేశావు బాబూ, నువ్వు కూడా. ఫీజు రసీదు, స్లాట్ కాగితం, ఇన్సూరెన్స్, పొల్యూషన్ బండిలో పెట్టుకోమను. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి. దారిలో శ్రీకాళహస్తి పోయి దర్శనం చేసుకొద్దామని మాత్రం వద్దు.

చంద్రగిరి_కోట

స్లాట్ దొరికింది సార్, వచ్చే మంగళవారం ఉదయం. మామగారు మంగళవారం అని గొణుగుతున్నారు. బుధవారం ఖాళీ లేదు.